దాయాదుల పాట

వీధి పాటల వంశవృక్షం: తొమ్మిదో భాగం

2004లో తూర్పు లండన్ కుర్రాడు వైలీ ఒక పాట విడుదల చేశాడు. పాట పేరే ఒక ప్రశ్న: ‘వాట్ డూ యూ కాల్ ఇట్?’ దీన్ని మీరేమంటారు అని. అప్పటికి రెండు మూడేళ్లుగా అతనూ, అతని చుట్టుపక్కల పేటల కుర్రాళ్లూ ఒక కొత్త రకం పాట కడుతున్నారు. దాన్ని ఏ అరలో సర్దాలో రికార్డుల కొట్టువాళ్లకు పాలుపోలేదు. ఏమని రాయాలో పత్రికలవాళ్లకూ తోచలేదు. ఒకరు ‘సబ్‌లో’ అన్నారు, ఒకరు ‘ఎయిట్ బార్’ అన్నారు, వైలీ తన వరకు ‘ఎస్కీబీట్’ అనుకున్నాడు. చివరికి అతికింది గ్రైమ్ అనే మాట. గ్రైమ్ అంటే గోడకూ గోటికీ పేరుకుపోయిన జిడ్డు మురికి. కడుపున పుట్టిన బిడ్డకు ఎవరూ అలాంటి పేరు పెట్టుకోరు. ఎవరో పెట్టారు, అది నిలిచింది.

ఆ పాటలో ఒకటి గమనించాలి. చలామణీలో ఉన్న పేర్లను వైలీ ఒక్కొక్కటే ముందుకు లాగి పక్కకు నెట్టేస్తాడు. అతని తగువంతా గ్యారాజ్ అనే సంగీతంతో. ‘మేం గ్యారాజ్ వాళ్లం కాము’ అని తేల్చుకోవడమే అతనికి కావాలి. హిప్ హాప్‌తో వేరుపడే పని అతనికి లేదు. కలిసి ఉంటే కదా వేరు పడటానికి!

మన పాఠకుల ప్రశ్న మాత్రం వేరేగా ఉంది. పోయిన సంచికల్లో హిప్ హాప్ పుట్టిన న్యూయార్క్ బ్రాంక్స్ పేట కథ చదివినవాళ్లు కొందరు, ‘గ్రైమ్ అంటే లండన్ యాసలో హిప్ హాపే కదా, దానికి విడిగా ఒక భాగం ఎందుకు?’ అని అడిగారు. అడగదగ్గ మాటే. పైకి చూస్తే రెండూ ఒకటే. పేదపేటలో నల్లజాతి కుర్రాడొకడు మైకు పట్టుకుని, యంత్రం కొట్టే తాళానికి ప్రాస కుదిర్చి మాటలు విసురుతాడు. అమెరికాలో అలాంటివాణ్ని రాపర్ అంటే లండన్‌లో ఎంసీ అంటారు, అంతేగా అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత పోట్లాడుకోవచ్చు. ఇవి తండ్రీ కొడుకులు కావు, దాయాదులు. తాత ఒక్కడే. కొడుకులు వేర్వేరు ఊళ్లకు పోయి స్థిరపడ్డారు. మనవల దగ్గరికి వచ్చేసరికి ముక్కూ మొహం ఒకటే, ఇంటి వంట మాత్రం వేరు. మన దగ్గరా ఉన్నదే. ఒగ్గు కథలోనూ బుర్రకథలోనూ ఒక కథకుడుంటాడు, వంతపాట ఉంటుంది, వాద్యం ఉంటుంది. అంతమాత్రాన ఒగ్గు కథ బుర్రకథలో ఒక రకమని కొమురవెల్లి జాతరలో నిలబడి అనండి చూద్దాం.

తాతగారి ఊరు జమైకాలోని కింగ్‌స్టన్. 1950లలో అక్కడి పేటల్లో సౌండ్ సిస్టమ్‌లు వచ్చాయి. బీరువాలంత స్పీకర్ పెట్టెలు, ఒక ఆంప్లిఫయర్, రికార్డు తిప్పే యంత్రం, ఇంత ఖాళీ స్థలం. రికార్డులు వేసేవాణ్ని సెలెక్టర్ అనేవారు, పాట మీద మైకులో మాట్లాడేవాణ్ని డీజే అనేవారు. మిగతా లోకానికి ఇది తిరకాసుగా ఉంటుంది గానీ అక్కడి వాడుక అదే. ఆ ఆవరణల్లో మూడు అలవాట్లు పుట్టాయి. జనానికి పాట నచ్చి కేకలు పెడితే, సూదిని వెనక్కి లాగి మళ్లీ మొదటినుంచి వేయడం ఒకటి. రెండు సిస్టమ్‌లు ఎదురెదురుగా నిలబడి సవాలు విసురుకోవడం ఇంకోటి, దీన్ని క్లాష్ అంటారు. మూడోది రిడిమ్: వాద్యం మాత్రమే ఉన్న ఒక ట్రాక్ మీద పదిమంది పది రకాల మాటలు కట్టి పాడటం. ఈ మూడూ గుర్తుంచుకోండి. తగువు తీర్చేటప్పుడు ఇవే సాక్షులు.

ఒక కొడుకు న్యూయార్క్ వెళ్లాడు. కింగ్‌స్టన్‌లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ 1967లో పన్నెండేళ్లప్పుడు బ్రాంక్స్ చేరాడు, కూల్ హెర్క్ అయ్యాడు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో చెల్లెలు పెట్టిన పార్టీలో అతనేం చేశాడో ఈ శీర్షికలోనే వివరంగా రాశాను, మళ్లీ రాయను. ఒక్క సంగతి మాత్రం కావాలి. తన ఊరి రెగే రికార్డులకు బ్రాంక్స్ జనం ఊగకపోవడంతో హెర్క్ అమెరికా ఫంక్ రికార్డులకు మళ్లాడు. వాటిలో డ్రమ్ము ఒంటరిగా మోగే ఆ నాలుగు క్షణాలను రెండు రికార్డుల మీద అటూ ఇటూ తిప్పి సాగదీశాడు. హిప్ హాప్ ఒంట్లో జమైకా ఎముకలున్నా, కండ మాత్రం అమెరికా ఫంక్‌దే. పాత రికార్డు ముక్క కోసి కొత్త పాట కుట్టే అలవాటు అక్కడినుంచే వచ్చింది.

ఇంకో కొడుకు అంతకు ముందే లండన్ వెళ్లాడు. 1948 జూన్ 22న ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ టిల్బరీ రేవులో కరీబియన్ జనాన్ని దించింది. తర్వాత పదిహేనేళ్లలో ఇంకెందరో వచ్చారు. తెల్లవాళ్ల క్లబ్బులు తలుపులు తియ్యకపోతే, ఇళ్లలోనే సామాన్లు గోడవారకు నెట్టి, సౌండ్ సిస్టమ్ పెట్టుకుని రాత్రంతా పార్టీలు చేసుకున్నారు. 1980లకు వచ్చేసరికి దక్షిణ లండన్‌లోని శాక్సన్ అనే సౌండ్ సిస్టమ్ దగ్గర కొత్త తరం తయారైంది. వీళ్లు లండన్‌లో పెరిగినవాళ్లు. జమైకా డీజేలకంటే వేగంగా, ఊపిరి తీసుకున్నట్టే లేకుండా మాటలు పేల్చేవాళ్లు. వాళ్లలో ఒకడైన స్మైలీ కల్చర్ 1984లో ‘కాక్నీ ట్రాన్స్‌లేషన్’ అని ఒక పాట చేశాడు. తూర్పు లండన్ తెల్ల కూలీల యాసనూ జమైకా యాసనూ పక్కపక్కన పెట్టి, దీన్ని అక్కడ ఏమంటారు, ఇక్కడ ఏమంటారు అని నిఘంటువులా చెప్పుకుపోతాడు. లండన్ వీధి యాసలో తాళానికి వేగంగా మాట్లాడటమనే విద్య బ్రాంక్స్‌ను అడక్కుండానే లండన్‌కు వచ్చిందనడానికి ఈ పాటొక్కటి చాలు.

అలాగని హిప్ హాప్ లండన్‌కు రాలేదా? వచ్చింది, బాగానే నాటుకుంది. లండన్ పోసీ బృందం 1990లో ఆల్బం తెచ్చింది. అమెరికా యాసను అనుకరించకుండా సొంత గొంతుతో రాప్ చెయ్యడం రాడ్నీ పీ లాంటివాళ్లు ఆ బృందంలోనే చేసి చూపించారు. 1994 నుంచి బీబీసీ రేడియో వన్‌లో రాప్‌కు విడిగా కార్యక్రమమే నడిచింది. 2001లో రూట్స్ మనూవా ‘విట్‌నెస్’ వచ్చింది. అద్భుతమైన పాట. బేస్ ఇల్లు కదిలించేస్తుంది. ఇదంతా బ్రిటిష్ హిప్ హాప్. ఇల్లూ వాకిలీ, అభిమానులూ ఉన్న సంసారమే అది.

గ్రైమ్ అంటే బ్రిటిష్ హిప్ హాపే అనేవాళ్లను నేనడిగేది ఇక్కడే. ఆ పేరు గల కొడుకు ఇంట్లో అప్పటికే ఉన్నాడు కదా, మరి ఈ రెండోవాడు ఎవరు? బో పేటలో మైకు పట్టిన పదిహేనేళ్ల పిల్లాడు ఆ ఇంటి తలుపు తట్టలేదు. అతను వచ్చిన దారి వేరు.

ఆ దారి పేరు రేవ్, అంటే తెల్లవార్లూ సాగే నాట్య సంగీతపు పార్టీ. 1990ల మొదట్లో లండన్‌లో జంగిల్ అనే నాట్య సంగీతం చెలరేగింది. నిమిషానికి 160, 170 దెబ్బలు. జమైకా బేస్, చెదరగొట్టిన డ్రమ్ములు. డీజే పక్కన మైకు పట్టుకుని జనాన్ని ఎగదోసే ఎంసీ అందులో తప్పనిసరి. తర్వాత గ్యారాజ్ వచ్చింది. పేరు న్యూయార్క్‌లోని ప్యారడైజ్ గ్యారాజ్ క్లబ్బుది. అమెరికా హౌస్ సంగీతాన్ని లండన్ వాళ్లు వేగం పెంచి, 130 దాకా తెచ్చి, నడకలో ఒక కుంటును పెట్టి తమదిగా చేసుకున్నారు. గ్యారాజ్ క్లబ్బులో బూట్లు మెరవాలి, చొక్కా ఇస్త్రీ నలగకూడదు, చేతిలో షాంపేన్ ఉండాలి. జంగిల్‌తో పోలిస్తే పెళ్లి రిసెప్షన్ అన్నమాట.

ఆ రిసెప్షన్‌లోకి మైకులతో కుర్రాళ్లు చొరబడ్డారు. బాటర్సీకి చెందిన సో సాలిడ్ క్రూ పెద్ద గుంపు. 2001 ఆగస్టులో వాళ్ల ‘21 సెకండ్స్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అంతమందికీ ఒకే పాటలో చోటివ్వాలి కాబట్టి మనిషికి 21 సెకండ్లు అని లెక్కగట్టుకున్నారు. పాట పేరు అందుకే అది. హిప్ హాప్‌లో మామూలుగా పాట ఒకరిది, అతిథులు ఒకరో ఇద్దరో. ఇక్కడ మైకే ఉమ్మడి ఆస్తి. ఈ గుంపుల చుట్టూ గొడవలు జరిగాయి, కాల్పులూ జరిగాయి. క్లబ్బులు బెదిరిపోయి ఎంసీలకు తలుపులు మూసేశాయి. గ్యారాజ్ పెద్దమనుషులు ‘వీళ్లు మావాళ్లు కారు’ అన్నారు. వైలీ పాటలోని కోపం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా. వెళ్లగొట్టినవాడు ‘పోరా, నీ ఇల్లెవరికి కావాలి’ అనడం అది.

ఇక గ్రైమ్ కుర్రాళ్ల పేట బో గురించి. తూర్పు లండన్‌లో పోస్టల్ కోడ్ ఈ3. రోమన్ రోడ్డు, పాత ఇటుక ఇళ్లు, కౌన్సిల్ కట్టించిన టవర్లు. బో నుంచి తలెత్తి చూస్తే కనారీ వార్ఫ్ బ్యాంకుల భవనాలు కనిపిస్తాయి. వాటిలో అన్నింటికంటే ముందు లేచిన పెద్దది 1991లో పూర్తయింది, 235 మీటర్ల ఎత్తు. రాత్రంతా దాని కొసన దీపం మిణుకుమిణుకుమంటుంది. దాన్ని చూస్తూ పెరిగి, ఒక్కసారి కూడా లోపలికి వెళ్లే పని పడని పిల్లలు ఇక్కడివాళ్లు.

2012 చలికాలంలో నేను ఆ భవనాలను వాళ్ల వైపు నుంచి చూశాను. మా బావ అక్కడే ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు. ఉండటం ఈస్ట్ హామ్‌లో. మనవాళ్లు చదువుకని, ఉద్యోగానికని వెళ్లి మొదట దిగే పేటల్లో అదొకటి. గదికి ముగ్గురు, వీధిలోకి వస్తే దోసెల వాసన. ఓ సాయంత్రం మేనర్ పార్క్ దగ్గర 25 నంబరు బస్సెక్కి పై అంతస్తులో కూచున్నాం. వెనక సీట్లో నలుగురు బడిపిల్లలు. ఒకడి ఫోన్‌లోంచి డబ్బా కొట్టినట్టు ఏదో మోగుతోంది, మిగతా ముగ్గురూ దాని మీద వంతులవారీగా గబగబా ఏదో అంటున్నారు. ఒకడి మాట అయ్యీ కాకముందే ఇంకొకడు అందుకుంటున్నాడు, కబడ్డీలో కూత అందుకున్నట్టు.

“ఏంటి బావా ఇది, రాపా?” అన్నాను.

“రాప్ అనకు రా బాబూ, గ్రైమ్ అను. మా ఆఫీసులో ఒక కుర్రాడి దగ్గర అలాగే అంటే పది నిమిషాలు క్లాసు పీకాడు” అన్నాడు. అప్పుడే ఇంకో ముక్క కూడా చెప్పాడు: “కేనో తెలుసా? మన వీధుల్లోవాడే.” నిజమే. 2005లో ‘హోమ్ స్వీట్ హోమ్’ ఆల్బంతో పేరు తెచ్చుకున్న కేనో ఈస్ట్ హామ్ వాడు. అద్దె గదుల కోసం మనవాళ్లు తిరిగే సందుల్లోనే గ్రైమ్ పెద్దల్లో ఒకడు పెరిగాడన్నమాట.

బస్సు బో రోడ్డు ఎక్కాక ఎడమ చేతివైపు మూడు టవర్లు కనిపించాయి. క్రాస్‌వేస్ ఎస్టేట్, ఒక్కొక్కటీ పాతిక అంతస్తులు. అక్కడివాళ్లకు ‘త్రీ ఫ్లాట్స్’. అవతల ఎక్కడో బ్రాంక్స్‌లో వీధి దీపపు స్తంభం నుంచి కరెంటు లాగి పార్టీలు చేశారని చదువుకున్నాం. ఇక్కడ వాళ్లకు కావలసింది ఎత్తు. గ్రైమ్ పుట్టింది పైరేట్ రేడియోలో. పైరేట్ రేడియోకు ఎత్తైన డాబా ప్రాణం.

ఆ పని ఇలా జరిగేది. ఎవరిదో ఫ్లాట్‌లో వంటగదో పడకగదో స్టూడియో. రెండు టర్న్‌టేబుళ్లు, ఒక మిక్సర్, ఒకటో రెండో మైకులు. ట్రాన్స్‌మిటర్ మాత్రం అక్కడ ఉండదు. ఉంటే అధికారులు తీగ పట్టుకుని డొంకంతా లాగేస్తారు. అందుకని రాత్రిపూట వేరే టవర్ డాబా ఎక్కి అక్కడ ఏరియల్ కట్టి, స్టూడియో నుంచి దానికి లింకు పెట్టేవారు. అధికారులు వచ్చి ఏరియల్ పీక్కెళ్తే వారం తిరక్కుండా ఇంకో డాబా మీద ఇంకోటి లేచేది. రిన్స్ ఎఫ్‌ఎమ్ 1994లో అలాగే మొదలైంది. దాన్ని నడిపినవాళ్లలో ఒకడైన డీజే స్లిమ్‌జీకి 2005లో కోర్టు విచిత్రమైన ఆంక్ష పెట్టింది. టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో నాలుగంతస్తులు దాటిన ఏ భవనం డాబా మీదికీ ఎక్కకూడదని. ఒక మనిషికి, పాట వినిపించినందుకు, ఎత్తును నిషేధించడం నేనింకెక్కడా వినలేదు. అదే రిన్స్‌కు 2010లో ప్రభుత్వ లైసెన్సు వచ్చింది.

ఇక ఆ వంటగది లోపల. డీజే రికార్డు వేస్తాడు, ఆరుగురో పదిమందో ఎంసీలు మైకు కోసం కాచుకుని ఉంటారు. ఎనిమిది బార్లో పదహారు బార్లో (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత) చెప్పి ఇంకొకడికి అందించాలి. ఎక్కువసేపు పట్టుకుంటే చేతిలోంచి లాక్కుంటారు. వింటున్నవాళ్లకు స్టేషన్ మొబైల్ నంబరు తెలుసు. పాట నచ్చిందా, మిస్డ్ కాల్ ఇవ్వాలి. రూపాయి ఖర్చు లేకుండా మిస్డ్ కాల్‌తో ఊసులాడుకున్న మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఫోన్ తెర మీద నంబర్లు వరసగా వెలుగుతుంటే ఎంసీ ఆ నంబరు చివరి మూడంకెలను మైకులో పలకరిస్తాడు. పేర్లు వద్దు, పోలీసులూ వింటుంటారు. కాల్స్ వెల్లువెత్తితే డీజే రికార్డును వెనక్కి లాగి మొదటినుంచి వేస్తాడు. దానికి రీలోడ్ అని పేరు. కింగ్‌స్టన్ ఆవరణలో జనం కేకలు వేస్తే సూది వెనక్కి లాగేవాళ్లే, ఆ అలవాటే యాభై ఏళ్ల తర్వాత మిస్డ్ కాల్ రూపంలో బతికొచ్చింది. హిప్ హాప్‌లో ఇది ఇంత ముఖ్యం కాదు. ఎంత గొప్ప వరస చెప్పినా అమెరికా రాపర్ మామూలుగా పాట మధ్యలో ఆగి మొదటికి రాడు. గ్రైమ్ ఎంసీకి మాత్రం అదే కొలమానం: నీ వరసకు ఎన్నిసార్లు రీలోడ్ పడింది?

మిగిలిన ఇద్దరు సాక్షులూ ఇక్కడే ఉన్నారు. రిడిమ్ అలాగే ఉంది: వైలీ ‘ఎస్కిమో’ కట్టాక దాని మీద ఎవరెవరు మాటలు కట్టారో లెక్క లేదు. క్లాష్ కూడా ఉంది: 2004లో ‘లార్డ్ ఆఫ్ ద మైక్స్’ అనే డీవీడీ కోసం కేనో, వైలీ ఒక ఇంటి నేలమాళిగలో ఎదురెదురుగా నిలబడి తలపడ్డారు. హిప్ హాప్‌లోనూ రాప్ పోటీలుంటాయి, కాదనను. ఆ ముక్క ఇద్దరికీ తాతగారిచ్చినదే.

చెవికి తెలిసే తేడా గురించి ఒక మాట. గ్రైమ్ వేగం దాదాపు ఎప్పుడూ నిమిషానికి 140 దెబ్బలు. కుర్రాళ్లు ఇంట్లో వాడిన ఫ్రూటీ లూప్స్ సాఫ్ట్‌వేర్ తెరవగానే 140 చూపించేదనీ, దాన్ని మార్చే ఓపిక లేక అలాగే ఉంచారనీ ఒక కథ ఉంది. కథ బాగుంది గానీ, 130 దగ్గరున్న గ్యారాజ్‌ను కాస్త తరిమితే వచ్చేదీ ఆ అంకే. ఆ కాలపు హిప్ హాప్ 90, 100 మధ్య నింపాదిగా నడిచేది. ‘మరి హిప్ హాప్ శాఖే అయిన ఇప్పటి అమెరికా ట్రాప్ పాటలు కూడా కంప్యూటర్‌లో 140 చూపిస్తాయి కదా’ అని తెలిసినవాళ్లు అడగొచ్చు. సంగీతం నేర్చుకున్నవాళ్లు సరళీ వరసలు గుర్తుచేసుకోవాలి. తాళం వేసే చెయ్యి మారదు, ఒకటో కాలంలో పాడిన స్వరాలనే రెండో కాలంలో రెట్టింపు జోరులో పాడతాం. ట్రాప్‌లో యంత్రం 140 కొడుతున్నా మన తల 70కే ఊగుతుంది, రాపర్ కూడా ఎక్కువగా అక్కడే సుఖంగా కూచుంటాడు. గ్రైమ్‌లో డ్రమ్ము కాస్త తీరిగ్గా పడినా ఎంసీ రెండో కాలం వదలడు. వెనకనుంచి కుక్క తరుముతున్నట్టే మాట్లాడతాడు.

ఇంకోటి, ఈ పాటల్లో పాత రికార్డు ముక్కలు తక్కువ. కొనడానికి డబ్బూ లేదు, వెతకడానికి నాన్నగారి ఫంక్ రికార్డుల పెట్టే లేదు. కొందరు ప్లేస్టేషన్‌లో ‘మ్యూజిక్ 2000’ అనే ఆటలాంటి దానితో మొదలుపెట్టారు. వైలీ కోర్గ్ ట్రైటన్ కీబోర్డు మీద కట్టాడు. అందుకే ఈ ధ్వనిలో వెచ్చదనం ఉండదు. చల్లగా, బోలుగా, ఇనప గిన్నె మీద గరిటె పడ్డట్టు ఉంటుంది. అతని ట్రాక్‌ల పేర్లు చూడండి: ఎస్కిమో, ఇగ్లూ, ఐస్ రింక్. పాత హిప్ హాప్ వింటే ఎవరో ముందు బతికిన ఇంట్లోకి వచ్చినట్టుంటుంది, సుద్ద గీతలూ పాత ఫొటోలూ గోడ మీదే ఉంటాయి. తొలి గ్రైమ్ వింటే కట్టి వదిలేసిన ఫ్లాట్‌లో నిలబడ్డట్టుంటుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, ఎందుకో చెప్పలేను.

(వైలీ గురించి ఇంత రాసి ఇది రాయకపోతే తప్పవుతుంది. 2020లో అతను యూదుల మీద విషం కక్కాడు. 2018లో అందుకున్న రాచ పురస్కారాన్ని 2024లో వెనక్కి తీసుకున్నారు. చరిత్రలోంచి అతన్ని తియ్యలేం, వెనకేసుకురానూ లేం.)

ఇంతకూ ఈ పాటకు హిప్ హాప్ అనే పేరు ఎవరు తగిలించారు? పేట దాటి బయటికి వచ్చినప్పుడే ఆ చిక్కు మొదలైంది. డిజీ రాస్కల్ బో కుర్రాడు. బడిలో ఇంకే క్లాసులోనూ నిలవక, లాంగ్డన్ పార్క్ స్కూలు సంగీతం గదిలో కంప్యూటర్ ముందు కూచుని పాటలు కట్టాడు. 2003 జులైలో ‘బాయ్ ఇన్ ద కార్నర్’ ఆల్బం వచ్చింది. సెప్టెంబరులో దానికి, బ్రిటన్‌లో ఏటి మేటి ఆల్బంకు ఇచ్చే మెర్క్యురీ ప్రైజు వచ్చింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. మర్నాటినుంచి దేశమంతా అతని గురించి రాయాలి, రాసేవాళ్లకు పైరేట్ రేడియో తెలియదు. నల్లకుర్రాడు, మైకు, గబగబా మాటలు: చేతికందిన మాట ‘రాపర్’. అమెరికా పాఠకుడికి చెప్పాలన్నా అదే సులువు. పేరు అలా అంటింది.

పోలీసులైతే ఆ తేడాల జోలికే పోలేదు. లండన్ పోలీసులు 2005లో ఫారం 696 అని ఒక కాగితం తెచ్చారు. రాత్రి సంగీత కార్యక్రమం పెట్టేవాళ్లు ముందే నింపి ఇవ్వాలి. ఎలాంటి సంగీతం, వచ్చేది ఏ జాతివాళ్లు అని కూడా మొదట్లో అందులో ప్రశ్నలుండేవి. గొడవ జరిగాక వాటిని తీసేశారు. ఫారం పూర్తిగా పోవడానికి 2017 నవంబరు దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లలో గ్రైమ్‌కు సొంత ఊళ్లో వేదికలు కరువయ్యాయి. 2004లో లీథల్ బిజిల్ ‘పౌ’ పాట పెడితే జనం కొట్టుకుంటున్నారని దాన్ని వెయ్యొద్దన్న క్లబ్బులూ ఉన్నాయి.

తర్వాత కొన్నేళ్లు పెద్దవాళ్లంతా పాప్ పాటల వైపు మళ్లారు. ఆ కథ నీరసంగా ఉంటుంది, దాటేస్తాను. 2014లో గ్రైమ్ ఎంసీ స్కెప్టా తన తమ్ముడు జేఎంఈతో కలిసి ‘దట్స్ నాట్ మీ’ చేశాడు. బ్రాండు బట్టలు, అరువు వేషాలు విడిచి పాత ధ్వనికి తిరిగొచ్చిన పాట. వీడియోకు ఖర్చు 80 పౌండ్లు, దానికే అవార్డొచ్చింది. 2015 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల వేదిక మీదికి అమెరికా రాపర్ కాన్యే వెస్ట్ నల్ల బట్టలేసుకున్న గ్రైమ్ ఎంసీల గుంపును వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక మంటలు చిమ్ముతున్నాయి. పాట కాన్యేది, లండన్ వాళ్లు వెనక నిలబడ్డారు. దాయాది ఇంటి పెళ్లికి వెళ్లి వడ్డన చేసినట్టుందని కొందరు గొణిగారు. గొణిగినా ఆ రాత్రితో వాళ్ల మొహాలు దేశానికి తెలిశాయి. 2016లో స్కెప్టా ‘కొన్నిచివా’ మెర్క్యురీ గెలిచింది, పోటీలో డేవిడ్ బోవీ ఆఖరి ఆల్బం ఉండగా. 2017లో స్టార్మ్‌జీ ఆల్బం బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది, ఒక గ్రైమ్ ఆల్బంకు అదే తొలిసారి. 2019 జూన్‌లో అతను గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ప్రధాన వేదిక ఎక్కాడు.

ఇక్కడ నా వాదం కాస్త మెత్తబడాలి. స్టార్మ్‌జీ ఆ ఆల్బంలోనే చర్చి పాటలున్నాయి, నెమ్మదైన ప్రేమ పాటలున్నాయి, అచ్చం హిప్ హాప్ అనిపించేవీ ఉన్నాయి. ‘షట్ అప్’ మాత్రం నికార్సైన గ్రైమ్. 2004 నాటి పాత రిడిమ్ మీద, పార్కులో నిలబడి, చుట్టూ స్నేహితులతో పాడేశాడు. ఒకే మనిషి పొద్దున ఒక ఇంట్లో, రాత్రి ఇంకో ఇంట్లో తింటున్నాడు. 2022లో బ్రిట్ అవార్డులవాళ్లు ఒక విభాగం పెట్టి దానికి హిప్ హాప్, గ్రైమ్, రాప్ అని మూడు పేర్లూ కలిపి తగిలించారు. రెండూ ఒకటే అనడానికి కొందరు దీన్ని చూపిస్తారు. నాకు తిరగేసి కనిపిస్తుంది. ఒకటే అయితే ఒక పేరు చాలదా? పాలివాళ్లందరికీ ఒకే శుభలేఖ వేసినప్పుడే అందరి పేర్లూ రాయాల్సి వస్తుంది.

హద్దురాయిని కదిపింది డ్రిల్. 2012 ప్రాంతంలో చికాగోలో పుట్టిన ఈ హిప్ హాప్ శాఖను దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్ కుర్రాళ్లు అందుకున్నారు. అందుకున్నాక 140 దెబ్బల లోపల డ్రమ్ములను తమ పద్ధతిలో అటూ ఇటూ జరిపారు, బేస్‌ను జారుడుబల్ల మీదినుంచి వదిలినట్టు సాగదీశారు. గ్రైమ్ విని పెరిగిన చేతులు మరి, ఊరుకుంటాయా? ఆ తర్వాత జరిగినది ఎవరూ ఊహించలేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కుర్రాడు పాప్ స్మోక్ యూట్యూబ్‌లో వెతుక్కుంటూ ఒక లండన్ కుర్రాడి బీట్లు పట్టుకున్నాడు. పాప్ స్మోక్ తల్లి జమైకా మనిషి. 2019లో ‘వెల్‌కమ్ టు ద పార్టీ’ వచ్చింది, న్యూయార్క్ వీధుల ఆ ఏటి పాట అదే అయింది. హిప్ హాప్ పుట్టిన ఊరు తన పాటకు తాళం లండన్ నుంచి తెప్పించుకుంది. మరుసటి ఫిబ్రవరిలోనే పాప్ స్మోక్‌ను కాల్చి చంపారు. ఇరవై ఏళ్ల పిల్లాడు.

ఆ బీటు కట్టినవాడి పేరు 808మెలో. ఊరు ఇల్ఫర్డ్. 25 నంబరు బస్సు బయల్దేరేది అక్కడినుంచే.

వచ్చే సంచికలో: క్రాయిడన్, డబ్‌స్టెప్, ఇదే 140.